తివాచీ ఇంట్లోనే ఉండిపోయాక

తివాచీని శుభ్రం చేయడమంటే పంతొమ్మిదో శతాబ్ది చివరిదాకా దాన్ని ఇంట్లోంచి బయటికి మోసుకుపోవడమే. ఐరోపా, అమెరికా పట్టణాల్లో చలికాలపు పొయ్యిల పొగ ఆగి ఎండ కాయడం మొదలవగానే తివాచీలు పెరటి తాళ్ళ మీదికి ఎక్కేవి. బెత్తంతోనో వంచిన ఇనుప తీగతోనో చేసిన బాదుడుకర్రలతో పనివాళ్ళూ పిల్లలూ వాటిని బాదేవారు. పట్టీలు కలిపి కుట్టి, గది మొత్తం కప్పేలా పరిచి, అంచుల్లో మేకులు కొట్టిన తివాచీలు అమెరికా మధ్యతరగతి ఇళ్ళలో అప్పటికే ఉన్నాయి. వాటికీ ఏడాదికోసారి మేకులు పీకే రోజు తప్పేది కాదు. మంచు కురిసే దేశాల్లో కొత్తగా పడ్డ పొడిమంచు మీద తివాచీని బోర్లా వేసి కొట్టి, కింద మంచు నల్లబడగానే పక్కకు జరిపేవారు. పెద్ద నగరాల్లో ఆవిరియంత్రాలతో నడిచే బాదుడు కార్ఖానాలు వెలిశాయి. వాళ్ళ బండి వచ్చి తివాచీని పట్టుకుపోయి, దులిపించి, మళ్ళీ తెచ్చి ఇచ్చేది.

బాదడం మొరటు పనే గాని తెలివితక్కువ పని కాదు. తివాచీలో చేరే మురికిలో ఎక్కువ భాగం పొడిగా ఉండేదే: చెప్పుల వెంట వచ్చిన ఇసుక, మసి, బట్టల నూగు, ఒంటి మీంచి రాలిన చర్మపు పొట్టు. తేలికపాటి దుమ్ము పైనే ఉంటుంది. బరువైన ఇసుక రేణువులు కుచ్చుల మొదళ్ళలోకి దిగిపోతాయి. పైన అడుగు పడ్డప్పుడల్లా వాటి పదును అంచులు పీచును కోస్తాయి. చీపురుకు అందేది పై దుమ్మే. అందులోనూ కొంత గాల్లోకి లేచి మళ్ళీ అక్కడే దిగుతుంది. అందుకని ఊడ్చే ముందు వాడేసిన తేయాకును పిండి, తడితడిగా ఉండగానే తివాచీ మీద చల్లేవారు. ఆ తడికి దుమ్ము అంటుకుని చీపురు వెంట కదిలేది. లేత రంగుల మీద తేయాకు తానే మరక చేసేది కాబట్టి అన్ని తివాచీలకూ ఈ చిట్కా పనికొచ్చేది కాదు.

అప్పటి ధనికుల ఇళ్ళలోని మంచి తివాచీల్లో తూర్పుదేశాల నేత చాలా ఉండేది. 1851లో లండన్ హైడ్ పార్కులో జరిగిన మహా ప్రదర్శనకు ఓరుగల్లు తివాచీలు కూడా వెళ్ళాయి. ఓరుగల్లులోనూ ఏలూరులోనూ పారశీక పద్ధతి ముడినేత స్థిరపడి అప్పటికే చాలా కాలమైంది. అయితే ఆ నేత జరిగిన సీమలో తివాచీ నేలను శాశ్వతంగా కప్పే వస్తువు కాదు. తివాచీ అయినా జంపఖానా అయినా పేరంటానికో సభకో పరిచి, పని అయ్యాక దులిపి, చుట్ట చుట్టి అటకెక్కించేదే. కింద ఉన్న గచ్చుకో నాపరాళ్ళకో తడిగుడ్డ పెడితే సరిపోయేది. తివాచీని కడిగే యంత్రం అవసరం పుట్టింది దాన్ని చుట్టి పెట్టని చోట, అంటే నేల చల్లగా ఉండి కాలికి వెచ్చదనం కావలసిన దేశాల్లో.

చీపురుకు మొదటి పోటీ చక్రాల మీద వచ్చింది. 1860లో అయోవా రాష్ట్రానికి చెందిన డేనియల్ హెస్ తిరిగే బ్రష్‌కు కొలిమితిత్తుల్ని జోడించి, గాలిని లోపలికి పీల్చే ఊడ్పుడు యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. 1869లో షికాగోకు చెందిన ఐవ్స్ మెక్‌గఫీ చేతితో తిప్పే ఫ్యాన్‌తో మరొకటి చేశాడు. ఒక చేత్తో మర తిప్పుతూ ఇంకో చేత్తో నెట్టడం ఎవరికీ సుఖంగా లేదు. నిలదొక్కుకున్నది గాలి జోలికే పోని ఒక యంత్రం. మిషిగన్ రాష్ట్రంలో గ్రాండ్ ర్యాపిడ్స్ ఊళ్ళో పింగాణీ సామాను దుకాణం నడిపే మెల్విల్ బిసెల్, అన్నా బిసెల్ దంపతులకు సరుకుతో పాటు వచ్చే రంపపు పొట్టు పెద్ద బెడద. పెట్టెలు విప్పినప్పుడల్లా ఆ పొట్టు దుకాణంలోని తివాచీలో ఇరుక్కునేది. మెల్విల్ 1876లో పేటెంట్ పొందిన యంత్రంలో చక్రాలు దొర్లుతుంటే ఆ ఒరిపిడికే బ్రష్ తిరిగి, పొట్టును లోపలి పెట్టెలోకి విసిరేది. పిడి మీద చేతి బరువు పెంచో తగ్గించో బ్రష్ ఎంత లోతుకు దిగాలో నిర్ణయించుకోవచ్చు. కుచ్చు ఎత్తుగా ఉన్న తివాచీకీ పల్చటి దానికీ ఒకే యంత్రం సరిపోవడం దాని అసలు బలం.

బ్రష్‌ల కుచ్చులు చుట్టుపక్కల ఆడవాళ్ళు ఇళ్ళ దగ్గరే కట్టి ఇచ్చేవారు; అన్నా వాటిని పోగుచేసుకుని వచ్చేది. 1884లో కర్మాగారం కాలిపోతే అప్పులు పుట్టించి నిలబెట్టింది కూడా ఆమే. 1889లో మెల్విల్ చనిపోయాక సంస్థ పగ్గాలు చేపట్టి అమెరికాలో పెద్ద కంపెనీని నడిపిన తొలి మహిళల్లో ఒకరైంది. ఇంటిపని తెలిసిన మనిషి ఇంటిపని యంత్రాన్ని అమ్మడం ఆ వ్యాపారానికి కలిసొచ్చిందనడంలో సందేహం లేదు. బిసెల్ యంత్రం విక్టోరియా రాణి భవనంలోకి కూడా చేరింది. అయినా అది చీపురు చేసే పనినే చక్కగా, దుమ్ము లేపకుండా చేసింది. మొదళ్ళలోని ఇసుక అక్కడే మిగిలేది. వసంతకాలపు బాదుడూ మిగిలింది.

ఆ ఇసుకను గాలితో తీయాలన్న ఆలోచన మొదట తలకిందులుగా మొదలైంది. సెయింట్ లూయిస్‌కు చెందిన జాన్ థర్మన్ 1899లో పేటెంట్ తీసుకున్న యంత్రం ఒత్తిడి గాలిని తివాచీలోకి ఊదేది. ఎగిరిన దుమ్ము ఒక పెట్టెలో పడాలని దాని ఉద్దేశం. 1901లో లండన్‌లోని ఒక సంగీతశాలలో ఇలాంటి ఊదుడు యంత్రాన్నే ప్రదర్శించినప్పుడు హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు చూశాడు. వంతెనలూ, ఇప్పుడు జయంట్ వీల్ అని పిలిచే పెద్ద రంగులరాట్నాలూ కట్టినవాడు అతను. ఊదే బదులు పీల్చవచ్చు కదా అని అడిగితే అది కుదరదని జవాబు వచ్చింది. బూత్ ఒక హోటల్లో కుర్చీ మెత్త మీద చేతిరుమాలు పరిచి, నోటితో గట్టిగా పీల్చి చూశాడు. ఉక్కిరిబిక్కిరయ్యాడు గాని, రుమాలుకు అవతలి వైపు నల్లటి మరక తేలింది. గుడ్డ గాలిని పోనిచ్చి దుమ్మును ఆపుతుందన్న ఆ చిన్న సంగతి మీదే ఆ తర్వాతి వాక్యూమ్ క్లీనర్లు చాలావరకు నిలబడ్డాయి.

బూత్ చేసిన యంత్రం ఇంట్లో పట్టేది కాదు. దాన్ని గుర్రపుబండి మీద వీధిలో నిలబెట్టి, పొడవాటి గొట్టాలను కిటికీల్లోంచి లోపలికి పంపేవారు. 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ముందు వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలోని తివాచీని దీనితోనే శుభ్రం చేశారు. తివాచీ బయటికి వెళ్ళే పద్ధతి ఇక్కడితో మారింది. బండి ఇంటి ముందుకు వచ్చింది. దాని చప్పుడుకు వీధిలో గుర్రాలు బెదిరిపోతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. దొరసానులు మాత్రం స్నేహితుల్ని తేనీటికి పిలిచి మరీ తమ ఇంటి దుమ్ము గొట్టంలో పోవడం చూపించేవారట.

ఇంట్లో పట్టే యంత్రం ఒహాయో రాష్ట్రంలోని క్యాంటన్‌లో ఒక దుకాణంలో ఊడ్చే పని చేసే జేమ్స్ మరే స్పాంగ్లర్ చేతుల్లో రూపుకట్టింది. అతనికి ఉబ్బసం, దుమ్ము పడదు. ఫ్యాన్ మోటారు, సబ్బుపెట్టె, దిండు గలేబు, చీపురు కర్ర కలిపి కట్టిన యంత్రానికి 1908 జూన్ 2న పేటెంట్ వచ్చింది. అందులో అసలు సరుకు మోటారు కాదు, మోటారుతో పాటు తిరిగే బ్రష్. బిసెల్ బ్రష్, బూత్ పీల్పు ఒకే పెట్టెలోకి వచ్చాయి. స్పాంగ్లర్ దగ్గర డబ్బు లేదు. కార్లు రావడంతో తన గుర్రపు జీనుల వ్యాపారం సన్నగిల్లుతుందని గ్రహించిన విలియం హూవర్ ఆ పేటెంట్‌ను కొన్నాడు. అదే ఏడాది పత్రికల్లో పది రోజులు ఉచితంగా వాడి చూడమని ప్రకటన వేసి, అడిగినవాళ్ళకు దగ్గరలోని దుకాణాల ద్వారా పంపాడు. ఆ దుకాణాలే తర్వాత అతని ఏజెంట్లయ్యాయి. 1926లో హూవర్ కంపెనీ బ్రష్ దిమ్మెకు లోహపు పట్టీలు కూడా అమర్చింది. అవి తివాచీని అడుగు నుంచి అదిరేలా తడుతుంటే, పెరట్లో కర్రతో చేసే పని గదిలోనే జరిగేది. ఇసుక పైకి లేచిన క్షణంలోనే గాలి దాన్ని లాక్కుపోయేది.

భారతదేశంలో మధ్యతరగతి ఇళ్ళకు వాక్యూమ్ క్లీనర్ పరిచయమైంది చాలా ఆలస్యంగా, 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ సంస్థ ఇంటింటికీ పంపిన సేల్స్‌మెన్ ద్వారా. తివాచీ లేని గదుల్లో అది పరుపులకూ సోఫాలకూ బూజులకూ పనిచేసింది. నేల వరకు చీపురే నెగ్గింది.

అమెరికాలో అప్పటికి నేల రూపమే మారిపోయింది. జార్జియా రాష్ట్రంలోని డాల్టన్ ప్రాంతంలో క్యాథరిన్ ఎవాన్స్ అనే అమ్మాయి 1895 ప్రాంతంలో దుప్పటి మీద దారపు కుచ్చులు పొడిచే పాత పనిని తిరిగి పైకి తెచ్చింది. ఆ దుప్పట్లు రహదారి పక్కన తాళ్ళ మీద వేలాడదీసి అమ్మేంత గృహపరిశ్రమ అయ్యాయి. చేతిపని పోయి కుట్టుమిషన్లను మార్చి చేసిన యంత్రాలు వచ్చాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత వందల సూదులతో గది వెడల్పు గుడ్డను ఒక్క పోతలో పొడిచేసే యంత్రాలు తయారయ్యాయి. నేయడానికి బదులు పొడవడం వల్ల తివాచీ చాలా వేగంగా, చాలా చౌకగా వచ్చింది. 1950ల చివర్లో ఉబ్బించిన నైలాన్ దారం దొరకడంతో ఉన్ని అవసరం కూడా తగ్గింది. గోడ నుంచి గోడ వరకు అతికిన తివాచీ మామూలు గుమాస్తా ఇంటికి వచ్చింది. దాని అంచులు మేకుల పట్టీలకు బిగించి ఉంటాయి, అడుగున మెత్త ఉంటుంది, పైన బరువైన సామాను ఉంటుంది. దాన్ని పీకి పెరట్లో వేసే రోజు ఇక రాదు.

వాక్యూమ్ క్లీనర్ తీయలేని మురికి అప్పుడు బయటపడింది. వంటింటి ఆవిరిలోని నూనె, అరికాళ్ళ జిడ్డు, ఒలికిన పానీయాల్లోని చక్కెర పీచుకు పూతలా పట్టి, దుమ్మును అంటించుకుంటాయి. ఆ పూతను గాలి కదపలేదు. దానికి నీళ్ళూ సబ్బూ కావాలి. నీళ్ళు వాడితే మరో చిక్కు. పాత తివాచీల అడుగు గుడ్డ జనపనారది, చాలావరకు బెంగాల్ నుంచి వచ్చినది. తడిస్తే అది కుంచించుకుపోయి తివాచీని మేకుల నుంచి లాగేస్తుంది. ఆరేటప్పుడు దానిలోని గోధుమరంగు పైకి పాకి కుచ్చుల కొసల్లో తేలుతుంది.

అందువల్ల మొదటి తడిపద్ధతులు నీళ్ళకు బదులు నురగను నమ్ముకున్నాయి. 1950ల్లో ఇంటికి వచ్చిన బిసెల్ షాంపూ యంత్రం స్పాంజి రోలరు, చిన్న తొట్టి ఉన్న ఒక కర్ర మాత్రమే. హూవర్ లాంటి కంపెనీలు రెండు గుండ్రటి బ్రష్‌లు తిరిగే విద్యుత్ యంత్రాలు అమ్మాయి. గచ్చుకు మెరుగు పెట్టే యంత్రానికే షాంపూ తొట్టి తగిలించినట్టు ఉండేవి. నురగ ఆరాక పొడిగా మారుతుందని, మర్నాడు వాక్యూమ్ పెడితే మురికితో పాటు పోతుందని చెప్పేవారు. పోవడం సగమే. మిగిలిన సబ్బు పీచు మీద జిగురుగా ఉండి కొత్త మురికిని మరింత త్వరగా పట్టుకునేది. షాంపూ వేసిన తివాచీ వేయనిదానికన్నా ముందే నల్లబడుతుందన్న మాట ఇంటింటా వినిపించింది. ఆ మాటలో నిజం ఉంది: లోపలికి పంపిన దాన్ని బయటికి తీసే దారి ఆ యంత్రంలో లేదు.

ఆ దారి రావడానికి రెండు మార్పులు అవసరమయ్యాయి. ఒకటి, 1960ల నుంచి జనపనార స్థానంలో పాలీప్రొపిలీన్ అడుగు గుడ్డ రావడం. అది నీటికి కుంచించుకోదు, రంగు వదలదు. బెంగాల్ జనపనార మిల్లులకు అది పెద్ద దెబ్బ అయింది గాని, ఇంట్లో తివాచీని కడిగే వీలు దానితోనే కలిగింది. రెండోది, వేడినీటిని చిమ్మి వెంటనే వెనక్కి పీల్చే యంత్రం. 1970ల మొదట్లో వృత్తి పనివాళ్ళు ట్రక్కులో బిగించిన పంపులతో, హీటర్లతో ఈ పని మొదలుపెట్టారు. బండి వీధిలో, గొట్టం గదిలో. బూత్ ఏర్పాటే మళ్ళీ వచ్చింది, ఈసారి నీళ్ళతో. జనం దీన్ని ఆవిరి శుభ్రత అన్నారు. నిజానికి తివాచీని తాకేది ఆవిరి కాదు, వేడినీరు.

ఇంటి యంత్రాలు దాని వెనకే వచ్చాయి. 1972లో మొదలైన రగ్ డాక్టర్ సంస్థ ఎర్రటి బరువైన యంత్రాలను కిరాణా సూపర్ మార్కెట్లలో రోజు అద్దెకు పెట్టింది. ఇంగ్లండ్‌లో 1977లో ఆలన్ బ్రేజియర్ స్థాపించిన వ్యాక్స్ సంస్థ పొడిదుమ్మునూ తడినీ రెంటినీ పీల్చి, తివాచీ కూడా కడిగే నారింజరంగు డ్రమ్ములాంటి యంత్రాన్ని ఇళ్ళకు అమ్మింది. బిసెల్, హూవర్ 1980, 90ల్లో నిలువు పిడి యంత్రాలు తెచ్చాయి. ఆకుపచ్చ రంగు చిన్న బిసెల్ యంత్రం ఒక్క మరకను తీయడానికే పుట్టింది. చేతిలో పట్టుకునే మూతి, చిన్న గొట్టం, రెండు చిన్న తొట్లు, అంతే.

పైకి ఎలా కనిపించినా ఈ యంత్రాల లోపలి అమరిక ఒకటే. ఒక తొట్టిలో మంచినీళ్ళూ కొలిచి కలిపిన డిటర్జెంటూ ఉంటాయి. మీట నొక్కితే పంపు వల్లనో, తొట్టి ఎత్తున ఉండడం వల్లనో ఆ ద్రవం సన్నని తుంపరగా కుచ్చుల్లోకి దిగుతుంది. తిరిగే బ్రష్ దాన్ని పీచుల మధ్య తోముతుంది. డిటర్జెంట్ అణువుకు ఒక కొస నీటిని, ఇంకో కొస జిడ్డును ఇష్టపడుతుంది. జిడ్డును చుట్టుముట్టి, చిన్న చుక్కలుగా విడగొట్టి, నీటిలో తేలేలా చేస్తుంది. వెంటనే వెనకనున్న ఇరుకైన మూతి మోటారు పీల్పుతో ఆ మురికినీటిని లాగుతుంది. గాలీ నీరూ కలిసి వచ్చిన ప్రవాహం రెండో తొట్టిలో మలుపు తిరుగుతుంది. నీరు బరువుకు కిందపడుతుంది, గాలి పైనుంచి మోటారు వైపు పోతుంది. తొట్టి నిండితే లోపలి తేలుడు బెండు దారి మూసేస్తుంది, మోటారులోకి నీరు పోదు. మూతి దగ్గర పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టడం వెనుక ఇంజనీరింగ్ ఎంతో వ్యాపారమూ అంతే. కాఫీరంగు నీళ్ళు పైకి పోవడం కళ్ళారా చూసినవాళ్ళు యంత్రం కొనకుండా ఉండడం కష్టం.

జర్మనీలో హెంకెల్ కంపెనీ రసాయనవేత్త హెర్బర్ట్ సిన్నర్ 1959లో ఏ శుభ్రతకైనా నాలుగే అంశాలు అన్నాడు: రసాయనం, రాపిడి, వేడి, సమయం. ఒకటి తగ్గితే తక్కినవి పెరగాలి. ఇంటి యంత్రం కథ ఈ సూత్రంలోనే ఉంది. దానిలో పోసేది కుళాయి వేడినీళ్ళు, పని అయ్యేలోపు చల్లారిపోతాయి. దాని మోటారు ట్రక్కు యంత్రంతో పోటీ పడలేదు. కాబట్టి రాపిడీ సమయమూ మనిషే ఇవ్వాలి: ముందు పొడిమట్టిని వాక్యూమ్‌తో తీసేయాలి, లేకపోతే తడిసి బురదవుతుంది, ద్రవం వేశాక కొన్ని నిమిషాలు నాననివ్వాలి, ఉత్త నీళ్ళతో మరోసారి కడగాలి, చివర మీట వదిలేసి, నీళ్ళు చిమ్మకుండా పీల్చుకుంటూ నిదానంగా వెనక్కి లాగాలి. ఎక్కువమంది వదిలేసేది ఈ ఆఖరి పనినే. నీరు అడుగు గుడ్డలో మిగిలితే, ఆరేటప్పుడు పీచు వెంట పైకి పాకుతూ అడుగున కరిగిన మురికిని కొసలకు చేరుస్తుంది. మాయమైన మరక మర్నాడు అదే చోట మళ్ళీ కనిపించేది ఇందువల్లే.

అతికిన తివాచీకి రెండో శత్రువు అది ఇళ్ళలోకి వచ్చిన కాలంలోనే అడుగుపెట్టింది. అమెరికాలో పిల్లులు చాలావరకు రాత్రి బయట తిరిగేవి. ఇంట్లో ఉంచితే ఇసుకో బూడిదో పోసిన పెట్టె వాసన భరించడం కష్టం. 1947లో మిషిగన్‌లో ఎడ్వర్డ్ లో అనే యువకుడు పొరుగామెకు బూడిద బదులు తేమ పీల్చే బంకమట్టి గుళికలు ఇచ్చాడు; అది పిల్లి మట్టి వ్యాపారంగా ఎదిగింది. పిల్లి పగలూ రాత్రీ ఇంట్లోనే ఉండటానికి అది ముఖ్య కారణమైంది. గోడ నుంచి గోడకు తివాచీ, గోడల మధ్యే గడిపే జంతువు ఒకే తరంలో కలిశాయి. పెంపుడు జంతువుల మరక అనే ప్రత్యేక సమస్య ఆ కలయిక బిడ్డ.

మూత్రపు మరక మామూలు ఒలుకు కాదు, అది కాలంతో మారుతూ పోతుంది. విసర్జించిన వెంటనే అది చాలావరకు కొద్దిపాటి ఆమ్లం. అందులోని యూరియాను బాక్టీరియా విడగొట్టి అమ్మోనియా చేస్తుంది. మరక క్షారంగా మారుతుంది, ఘాటు పుడుతుంది, కొన్ని రంగులు వెలుస్తాయి. ఆరాక మిగిలే లవణాలు గాలిలోని తేమను పీలుస్తాయి కాబట్టి ముసురు పట్టిన రోజున వాసన తిరిగి లేస్తుంది. పిల్లి మూత్రంలో ఫెలినైన్ అనే గంధక సంబంధమైన ఆమినో ఆమ్లం అదనం. అది విడిపోయి ఇచ్చే పదార్థాలే మగపిల్లి వాసనకు మూలం. ఫెలినైన్ తయారీని మూత్రంలోని కాక్సిన్ అనే ప్రోటీన్ అదుపు చేస్తుందని 2006లో జపాన్ పరిశోధకులు తేల్చారు. ద్రవం కుచ్చుల దగ్గర ఆగదు. అడుగు గుడ్డ దాటి మెత్తలోకి దిగి పక్కలకు వ్యాపిస్తుంది. పైన అరచేతి మేర కనిపించే మరక కింద అంతకన్నా చాలా వెడల్పుగా ఉంటుంది. చీకట్లో అతినీలలోహిత దీపం వేస్తే ఎండిన మూత్రం మెరుస్తుంది; శుభ్రం చేసేవాళ్ళు హద్దులు గుర్తించేది దానితోనే.

ఇక్కడ ఒట్టి డిటర్జెంట్ చాలదు. వేడినీళ్ళు ప్రోటీన్‌ను గడ్డకట్టించి పీచుకు పట్టేలా చేస్తాయి. నెత్తురు మరకకు చల్లనీళ్ళు వాడడం తెలిసినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. అమ్మోనియా ఉన్న క్లీనర్లు వాడితే, ఆ వాసనకు జంతువు అది తన చోటే అనుకుని మళ్ళీ అక్కడికే వస్తుంది. పని చేసేవి ఎంజైములు. వాటి చరిత్రలో ఒక విచిత్రం ఉంది. పందొమ్మిదో శతాబ్దిలో తోళ్ళు మెత్తబరచడానికి కార్ఖానాల్లో కుక్క పెంటను వాడేవారు. జర్మన్ రసాయనవేత్త ఒట్టో రోమ్ అందులో పనిచేసేవి జీర్ణ ఎంజైములేనని గ్రహించి, పశువుల క్లోమం నుంచి తీసిన ఎంజైములతో దానికి ప్రత్యామ్నాయం చేశాడు. 1913లో అవే ఎంజైములను బట్టలు నానబెట్టే పొడిలో వాడటానికి పేటెంట్ తీసుకున్నాడు. కుక్క చేసిన మరకను తీసే సీసాలోని విద్య కుక్క పెంటకు బదులు వెతకడంలో మొదలైందన్నమాట. 1960ల్లో బాక్టీరియా నుంచి తీసిన, క్షారంలో కూడా నిలిచే ఎంజైములు రావడంతో అవి డిటర్జెంట్లలో మామూలయ్యాయి. 1980ల నుంచి పెంపుడు జంతువుల మరకలకే ప్రత్యేకించిన సీసాలు దుకాణాల్లో చేరాయి. కొన్నిట్లో ఎంజైములే ఉంటాయి, కొన్నిట్లో తడి తగలగానే మేలుకుని ఎంజైములు తయారుచేసే బాక్టీరియా బీజాలు ఉంటాయి. వీటికి తొందర పనికిరాదు. మూత్రం దిగినంత లోతుకు ద్రవం దిగాలి, గంటల తరబడి తడిగా ఉండాలి, పక్కన క్రిమిసంహారిణి ఉండకూడదు. యంత్రంలో పోసి, చిమ్మిన మరుక్షణం పీల్చేస్తే వాటికి పని చేసే సమయమే దక్కదు. అందుకని ముందు సీసాతో నానబెట్టి, చివర్లో యంత్రంతో పీల్చడమే పద్ధతి. రంగు మాత్రం మిగిలితే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆ రంగు అణువులను విరిచేస్తుంది, ఉన్ని తివాచీ మీద జాగ్రత్త పడాలి. మెత్త మొత్తం నానిపోయిన చోట ఏ యంత్రమూ చేయగలిగింది లేదు. తివాచీ మూల ఎత్తి, ఆ మేర మెత్త కోసి పారేసి, కింద చెక్కకు వాసన ఆపే పూత వేసి, కొత్త ముక్క పెట్టడమే.

మరక తీసే పరిశ్రమకు పక్కనే మరక పట్టనివ్వని పరిశ్రమ కూడా పెరిగింది. 3ఎం సంస్థ ప్రయోగశాలలో 1953లో ఒక ఫ్లోరిన్ రసాయనం బూటు మీద ఒలికి, ఆ చోటు మురికి పట్టకపోవడం గమనించిన పాట్సీ షెర్మన్, శామ్యూల్ స్మిత్ దాని నుంచి స్కాచ్‌గార్డ్ తయారుచేశారు. నైలాన్‌కు ఇంకో బలహీనత ఉంది. ఆమ్లపు రంగులు దాని అణువుల్లో ఖాళీగా ఉన్న చోట్లకు అతుక్కుంటాయి. పెంపుడు జంతువుల ఆహారంలోని ఎర్ర రంగు వాంతిలో బయటపడితే నైలాన్ దానితో అద్దకం వేసినట్టే అవుతుంది. 1986లో డ్యూపాంట్ తెచ్చిన స్టెయిన్‌మాస్టర్ తివాచీలో ఆ ఖాళీ చోట్లను ముందుగానే నింపేశారు. ఇవి గృహిణికి గొప్ప వరంలా అమ్ముడుపోయాయి. అయితే ఆ ఫ్లోరిన్ రసాయనాలు నేలలోనూ నీళ్ళలోనూ మనిషి రక్తంలోనూ చెక్కుచెదరకుండా నిలిచిపోతున్నాయని తేలింది. 3ఎం 2000లో పాత స్కాచ్‌గార్డ్ రసాయనాన్ని ఆపేస్తామని ప్రకటించింది. 2019లో హోమ్ డిపో దుకాణాల సంస్థ ఫ్లోరిన్ రసాయనాలు వాడిన తివాచీలు అమ్మడం మానేస్తామంది.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ తివాచీ చరిత్ర అద్దె ఇంటితో పాటు చేతికి వచ్చింది. ఆ ఇళ్ళలో చెప్పులు గుమ్మం దగ్గరే ఆగుతాయి కాబట్టి పీచును కోసే ఇసుక తక్కువ. ఒట్టి పాదాల జిడ్డు మాత్రం ఎక్కువే, దానికి వాక్యూమ్ కన్నా తడియంత్రమే సరి. అసలు గండం పసుపు. పులుసులోనో తాలింపులోనో నూనెతో కలిసి పడిన పసుపులోని కుర్కుమిన్ నీటిలో దాదాపు కరగదు, ఎంజైములకు లొంగదు. క్షార గుణమున్న తివాచీ ద్రవం పోస్తే పారాణిలా ఎర్రబడుతుంది. చాలామంది అది చూసి తివాచీ పాడైందని కంగారుపడి ఇంకా రుద్దుతారు. ముందు డిటర్జెంటుతో నూనెను తీసి, కుర్కుమిన్‌ను వెలుగుకు వదిలేయడం మేలు. కాంతి దాన్ని క్రమంగా విరగ్గొడుతుంది. ఇల్లు ఖాళీ చేసే ముందు యంత్రం అద్దెకు తెచ్చి తోమడం, డిపాజిట్ కోత తప్పించుకోవడం ఆ జీవితంలో ఒక మామూలు తంతు.

ఇరవై ఒకటో శతాబ్దిలో అతికిన తివాచీ వెనక్కి తగ్గుతోంది. అమెరికా ఇళ్ళలో హాళ్ళ నుంచి మొదలై వినైల్ పలకలు, చెక్క నేలలు దాని చోటు తీసుకుంటున్నాయి. తివాచీ పడకగదులకూ మెట్లకూ పరిమితమవుతోంది. పిల్లులూ కుక్కలూ మాత్రం తగ్గలేదు. రంపపు పొట్టు కోసం పుట్టిన బిసెల్ కంపెనీ ఇప్పుడు తన యంత్రాలను ఎక్కువగా పెంపుడు జంతువుల పేరు మీదే అమ్ముతోంది. 2011 నుంచి దిక్కులేని జంతువుల కోసం ఒక ఫౌండేషన్ కూడా నడుపుతోంది. 2010ల మధ్య నుంచి వచ్చిన కొత్త యంత్రాలు గట్టి నేలను తడిపి, తోమి, అదే క్షణంలో పీలుస్తాయి. దారిలో చిన్న తివాచీ వస్తే దాని పైకొసలనూ తుడుస్తాయి. లోతుకు అవి దిగవు. అందువల్ల ఆ ఇళ్ళలోనే సోఫా కోసం, కారు సీటు కోసం, మెట్ల మీద మిగిలిన తివాచీ కోసం చిన్న మరకల యంత్రాన్ని కూడా కొంటున్నారు. గచ్చు నేలలున్న హైదరాబాద్, విశాఖపట్నం అపార్టుమెంట్లకు ఇలాంటి యంత్రం చేరినా, అది పనిచేసేది తివాచీ మీద కన్నా సోఫా మీదే ఎక్కువ.